ఈస్టర్‌కి నారోబోటు ట్రిప్పు: స్టాపేజీ నోటీసులు, లాకు పనులు, నీళ్ల కొరత. ప్లాను ఎలా వేసుకోవాలి?

బర్మింగ్‌హామ్ తెలుగమ్మాయి:
అందరికీ నమస్కారం. మార్చి ఆఖరి వారంలో ఇక్కడ ఇంగ్లండు కాలువల మీద తిరగడానికి నారోబోటు (ఇరుకు కాలువల కోసం కట్టిన సన్నటి, పొడుగాటి పడవ) అద్దెకు తీసుకోవాలని ఉంది. పెద్దవాళ్లం నలుగురం, పిల్లలు ఇద్దరు. పడవ 62 అడుగులది, ఏడు రాత్రులు. నాంట్‌విచ్ దగ్గర ఎక్కి, ఫోర్ కౌంటీస్ రింగు (కాలువలు కలిసి చుట్టు తిరిగొచ్చే దారి) మొత్తం చుట్టి అక్కడే దిగాలని ఆలోచన. కాలువలను చూసుకునే కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ సైటు చూస్తే ఆ దారిలో నాలుగైదు స్టాపేజీ (దారి మూసివేత) నోటీసులు కనిపిస్తున్నాయి. కొన్ని మార్చి మధ్యకల్లా అయిపోతాయట, ఒకదానికి ముగింపు తేదీ ఈమధ్యే పొడిగించారు. ఇవి ఎలా చదవాలి? ఇప్పుడే బుక్ చెయ్యొచ్చా? దారి మధ్యలో ఒక్క లాకు (పడవను పై మట్టానికి ఎక్కించి, కిందికి దించే గేట్ల గది) మూసి ఉన్నా ట్రిప్పు పోయినట్టేనా?

గట్టుబాట:
నోటీసుల కన్నా ముందు లెక్క చూడండి. మైళ్లూ లాకులూ కలిపి మూడుతో భాగిస్తే గంటలు వస్తాయి. ఫోర్ కౌంటీస్ రింగు 110 మైళ్లు, 94 లాకులు. 204ని మూడుతో భాగిస్తే 68 గంటలు. ఏడు రాత్రులంటే మొదటి రోజు మధ్యాహ్నం ఎక్కి, ఆఖరి రోజు పొద్దున్నే అప్పజెప్పేస్తారు. మిగిలేవి ఆరు నిండు రోజులు, ఒక పూట. అంటే రోజుకి పది గంటలకు పైగా చుక్కాని వదలకూడదు. అద్దె పడవలను చీకటి పడ్డాక నడపనివ్వరు. పిల్లలతో, మార్చి చలిలో, ఏ అడ్డూ లేకపోయినా ఇది కష్టం. మధ్యలో ఒక పూట లాకు ఆగిందంటే ఇక కోలుకోలేరు.

రింగుతో అసలు చిక్కు ఇంకొకటి ఉంది. సగం దాటాక ముందు దారి మూసుకుంటే, వెనక్కి రావడానికి వెళ్లినంత సేపూ పడుతుంది. అదే వెళ్లిన దారినే తిరిగొచ్చే ప్లాను అయితే ఎక్కడ ఆగినా నష్టం లేదు, అక్కడే తిప్పుకుని వచ్చేస్తారు. మార్చిలో రింగు పెట్టుకోవద్దనే నా సలహా.

నోటీసుల సంగతికొస్తే, నాలుగు రకాలు చూస్తారు. నావిగేషన్ క్లోజర్ అంటే పడవ పోదు. రిస్ట్రిక్షన్ అంటే పోతుంది గానీ షరతులుంటాయి: ఫలానా వేళల్లోనే, లేదా ఒక గేటే తెరిచి, లేదా ఇంత వెడల్పు పడవలకే. అడ్వైస్ అంటే జాగ్రత్త చెప్పడం మాత్రమే. టోపాత్ క్లోజర్ అంటే గట్టు మీద బాట మూసేశారు, పడవకు సంబంధం లేదు. కానీ లాకు దగ్గర బాట మూస్తే లాకు తిప్పే హ్యాండిల్ పట్టుకుని నడిచేవాళ్లకు దారి ఉండదు, అది మాత్రం చదవండి. ప్రతి నోటీసులో లాకు నంబరో వంతెన నంబరో ఉంటుంది. వాటిని మ్యాపు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మీ కాలువల పేర్లు ఎంచుకుని ఈమెయిల్ అలర్టు పెట్టుకుంటే మార్పులు వాటంతటవే వస్తాయి. మీ రింగుకి నాలుగు పేర్లు కావాలి: ట్రెంట్ అండ్ మెర్సీ, స్టాఫర్డ్‌షైర్ అండ్ వూస్టర్‌షైర్, ష్రాప్‌షైర్ యూనియన్ మెయిన్ లైను, దాని మిడిల్‌విచ్ బ్రాంచి.

లాకులదొర:
గట్టుబాట గారు చెప్పింది నిజం. ఒక్క మాట కలుపుతాను. ట్రెంట్ అండ్ మెర్సీ మీద వీలాక్ నుంచి కిడ్స్‌గ్రోవ్ దాకా ఎక్కే లాకులు చాలామటుకు జంటలు, పక్కపక్కనే రెండు. కొన్ని చోట్ల రెండోది పాడుబడి పూడిపోయింది గానీ, రెండూ నడిచే చోట ఒకదానికి పని జరుగుతున్నా రెండో దాంట్లోంచి పోవచ్చు. కాబట్టి నోటీసులో లాకు పేరు కనబడగానే కంగారు పడకండి, జంటలో ఏది మూశారో, రెండోది తెరిచి ఉందో లేదో చదవండి. అదే ష్రాప్‌షైర్ యూనియన్ మీద ఆడ్లెం దగ్గర పదిహేను లాకులు ఒంటివి. అక్కడ ఒకటి మూసినా దారి మూసినట్టే.

హేర్‌కాజిల్ సొరంగం సంగతీ చూసుకోండి. మైలున్నర పైన పొడవు, ఒకవైపు నుంచే ఒకసారి వదులుతారు, దాటడానికి దాదాపు 40 నిమిషాలు. చలికాలపు వేళలు వేరు, ముందే చెప్పి రావాలి. ఆఖరి ప్రవేశం వేళ దాటితే ఆ రాత్రి అక్కడే.

వరంగల్ అన్న:
అక్కా, బుక్ చేసే ముందు అద్దె కంపెనీని మూడు విషయాలు ఈమెయిల్‌లనే అడుగున్రి, ఫోన్ల కాదు. ఒకటి, మా దారిల స్టాపేజీ వస్తే పైసలు వాపస్ ఇస్తరా, లేక వేరే దారి చూపెడ్తరా? సాధారణంగా వేరే దారే చూపెడ్తరు, వాళ్ల బేస్ (పడవ ఎక్కే రేవు) నుంచి పడవ ఏ దిక్కూ కదలకుంటెనే వాపస్ మాట. రెండు, పడవ వేరే దగ్గర ఇరుక్కపోతే దాన్ని వెనకకు తెచ్చే ఖర్చు ఎవరిది? మూడు, మీ బేస్‌కు అటు మొదటి లాకు ఏది, ఇటు మొదటి లాకు ఏది? ఈ మూడోది ఎవ్వలూ అడగరు. రెండు దిక్కులా కదిలే బేస్ అయితే ఒకటి మూసినా ఇంకోటి ఉంటది. నాంట్‌విచ్ గందుకే మంచిది.

బర్మింగ్‌హామ్ తెలుగమ్మాయి:
చాలా థాంక్సండీ. వెళ్లిన దారినే రావాలంటే మధ్యలో ఎక్కడైనా తిప్పుకోవచ్చా? కాలువ వెడల్పు ఎంతుంటుంది?

గట్టుబాట:
ఎక్కడపడితే అక్కడ కుదరదండీ, ముందే తెలుసుకోవాల్సిన విషయం ఇదే. కాలువ వెడల్పు మామూలుగా 30 నుంచి 40 అడుగులు, మీ పడవ 62. తిప్పుకోవడానికి గట్టుని లోపలికి తొలిచి వెడల్పు చేసిన చోట్లుంటాయి, వైండింగ్ హోల్ అంటారు. మ్యాపులో ఒక వంపు గుర్తు, పక్కన ఎన్ని అడుగుల పడవకు సరిపోతుందో అంకె. మీరు 70 అని ఉన్నవే లెక్కలో వేసుకోండి. 60 అని ఉన్న చోట మీ పడవ ముక్కు ఒక గట్టున, తోక రెండో గట్టున ఇరుక్కుంటుంది.

తిప్పే పద్ధతి: వేగం బాగా తగ్గించి, తొలిచిన మూలలోకి ముక్కు మెల్లగా ఆనించండి. చుక్కాని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ఇంజను ముందుకే, తక్కువలో పెట్టి ఉంచండి. తోక తిరుగుతుంది. గాలి ఉంటే గాలికి ఎదురుగా ముక్కు పెట్టాలి. ప్రొపెల్లరు ఎప్పుడూ లోతు వైపు, అంటే కాలువ నడుమ ఉండాలి. ముక్కు మట్టిలో ఆనినా ఫర్వాలేదు, తోక ఆనకూడదు.

మూసిన లాకుకి ముందున్న ఆఖరి వైండింగ్ హోల్ ఎక్కడో రాసిపెట్టుకోండి. అది దాటి పోయాక మూసి ఉందని తెలిస్తే మైళ్ల కొద్దీ వెనక్కి నడపాలి. నారోబోటు రివర్సులో చుక్కాని మాట దాదాపు వినదు.

డెల్టా ఇంజనీరు:
నాదొక ప్రశ్న, కాలువల మీద పనిచేసినవాళ్లు చెప్పాలి. మన గోదావరి డెల్టాలో కాలువలన్నీ ఒకేసారి కట్టేస్తాం, అంటే నీళ్లు ఆపేస్తాం. తేదీ నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుతుంది, మామూలుగా ఏప్రిల్‌లో కట్టి జూన్ మొదట్లో వదులుతారు. కట్టేముందు ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుకుంటారు. ఆ నెలా నెలన్నరలోనే పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు, షట్టర్లకు గ్రీజు, రబ్బరు సీళ్లు మార్చడం, లాకుల మరమ్మతు, గట్లు బలపరచడం అన్నీ అవ్వాలి. ఆలస్యమైతే పని సగంలో ఉండగానే నీళ్లొచ్చేస్తాయి. ఇక్కడ మాత్రం ఒక్కో లాకు విడివిడిగా, నాలుగైదు నెలల పాటు మూస్తున్నారు. ఒకేసారి కట్టేస్తే పని తేలిక కదా?

లాకులదొర:
మంచి ప్రశ్నండీ. కాలువ అడుగున, పక్కల పరిచింది తొక్కి మెత్తించిన బంకమట్టి. దాన్ని తడిగా ఉంచితేనే నీళ్లు నిలుస్తాయి. నెలన్నర ఎండబెడితే పగుళ్లిస్తుంది, మళ్లీ నింపినప్పుడు ఎక్కడ కారుతుందో చెప్పలేం. పైగా నీళ్లలోనే ఏడాది పొడుగునా కాపురముండే పడవలు వేలల్లో ఉన్నాయి, చేపలున్నాయి. అందుకే ఒక్క లాకు గదినే వేరుచేసి ఎండగడతారు. కాలం కూడా అందుకే నవంబరు మొదలు నుంచి మార్చి మధ్య దాకా: విహారానికి వచ్చే పడవలు తక్కువ, రిజర్వాయర్లు ఎలాగూ నిండుతుంటాయి.

పని ఎలా చేస్తారంటే, లాకుకి పైనా కిందా గోడల్లో నిలువు గాళ్లు కొట్టి ఉంటాయి. వాటిలో ఒకదాని మీద ఒకటి చెక్కలు దింపుతారు, స్టాప్ ప్లాంక్స్. అడుగున రాయో సైకిలో ఉంటే మొదటి చెక్క సరిగ్గా కూర్చోదు. అది కూర్చోకపోతే పైన ఎన్ని వేసినా వృథా, అందుకే ముందు కొక్కెంతో అడుగు తడిమి చూస్తారు. అన్నీ దింపాక నీటి ఒత్తిడికి చెక్కలు గాడికి అదుముకుంటాయి. అయినా సందుల్లోంచి కారుతుంది. అప్పుడు నీటి వైపు నుంచి బొగ్గు బూడిద వదులుతారు. కారే నీళ్లే ఆ బూడిదను సందుల్లోకి లాక్కుని పూడ్చుకుంటాయి. తర్వాత ప్యాడిళ్లు (నీళ్లు వదిలే చిన్న తలుపులు) ఎత్తి గది ఖాళీ చేసి, మిగిలింది పంపులతో తోడతారు. చేపల్ని అనుమతి ఉన్నవాళ్లు పట్టి పక్క పౌండులో (రెండు లాకుల మధ్య కాలువ ముక్కలో) వదులుతారు.

గేటు మార్చడం అసలు నైపుణ్యం. ఓక్ కలపతో చేస్తారు, వేక్‌ఫీల్డ్ దగ్గర స్టాన్లీ ఫెర్రీ వర్క్‌షాపు వాటికే ఉంది. ఒక గేటు ఆయుష్షు పాతికేళ్లు. రెండు గేట్లు ఒకే కొలతవి ఉండవు, ప్రతి లాకుకి విడిగా కొలిచి చెయ్యాలి. గేటు గోడను ఆనుకుని తిరిగే స్తంభం కింద ఇనుప బొడ్డు మీద కూర్చుంటుంది, పైన ఇనుప పట్టీ దాన్ని రాతికి బిగించి ఉంచుతుంది. ఆ స్తంభం గోడలో అర్ధచంద్రాకారంలో తొలిచిన రాతికి అంగుళం అంగుళం ఆనాలి. క్రేనుతో దింపి, ఎక్కడ ఆనుతోందో ఎక్కడ వెలుతురు కనబడుతోందో చూసి, మళ్లీ ఎత్తి, ఆ మేరకు చిత్రిక పట్టి, మళ్లీ దింపుతారు. కలప నానాక ఉబ్బుతుంది, అందుకు తగ్గ సందూ వదలాలి. ఈ పని తొందరపెడితే మరో పాతికేళ్లు ఆ సందులోంచి కారుతూనే ఉంటుంది.

డెల్టా ఇంజనీరు:
అర్థమైంది, సంతోషం. మరి ముగింపు తేదీలు ఆలస్యం కావడానికి కారణం?

లాకులదొర:
మూడు కారణాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. నీళ్లు తోడేదాకా గోడ లోపల ఏముందో తెలియదు. గది నిండినప్పుడల్లా నీళ్లు ఇటుకల సందుల్లోకి పోతాయి, ఖాళీ అయినప్పుడు సున్నాన్ని కడుక్కుంటూ బయటికొస్తాయి. రెండు వందల ఏళ్లు అలా జరిగాక పైకి బాగున్న గోడ వెనక చెయ్యి దూరేంత బొక్కలుంటాయి. రెండోది చలి. సున్నపు గచ్చు సుమారు 5 డిగ్రీల కన్నా కిందికి పోతే గట్టిపడదు, గడ్డకడితే పొడిపొడిగా రాలుతుంది. కప్పి, వేడి పెట్టి, ఆగాలి. మూడోది వాన. పై పౌండు పొంగి చెక్కల మీదుగా దూకితే గది మళ్లీ నిండుతుంది, మొత్తం మొదటి నుంచి.

అందుకే తెలుగమ్మాయి గారూ, ముగింపు తేదీ మార్చి మధ్య అని ఉంటే దానికి రెండు వారాలు కలిపి చూసుకోండి. ఇప్పటికే ఒకసారి జరిపిన తేదీ అయితే అది తెరుచుకోదనుకునే ప్లాను వేయండి.

పెనైన్ పడవ:
ఇక్కడంతా చలికాలం పనుల గురించే మాట్లాడుతున్నారు. ఎండాకాలం వెళ్లేవాళ్ల కోసం చెబుతున్నా, అసలు పెద్ద దెబ్బ నీళ్ల కొరత. 2025లో వసంతమంతా వానల్లేక లీడ్స్ అండ్ లివర్‌పూల్ కాలువలో పెద్ద భాగం మే నుంచే మూసేశారు, తర్వాత మాక్లెస్‌ఫీల్డ్, పీక్ ఫారెస్ట్, రోచ్‌డేల్, హడర్స్‌ఫీల్డ్ నారో కాలువల మీద కూడా. చలికాలం స్టాపేజీకి నెలల ముందే తేదీ ఇస్తారు. దీనికి వారమో పది రోజులో మాత్రమే.

ముందే పసిగట్టడానికి ఒకటే చూడాలి: ఆ కాలువ శిఖరం ఎక్కడ, దానికి నీళ్లెక్కడివి? కొండ దాటే కాలువలో పడవ ఎక్కినా దిగినా పై మట్టం నుంచే నీళ్లు కిందికి పోతాయి. ఇరుకు లాకు ఒక్కసారి తిప్పితే సుమారు లక్షా పదివేల లీటర్లు, వెడల్పు లాకు అయితే రెండు లక్షల పైమాటే. వాటిని నింపేది శిఖరం చుట్టూ ఉన్న రిజర్వాయర్లు. ఒక్క రిజర్వాయరు ఆగినా కాలువకు తెలుస్తుంది. 2019 ఆగస్టులో వేలీ బ్రిడ్జి దగ్గర టాడ్‌బ్రూక్ ఆనకట్ట స్పిల్‌వే దెబ్బతిని, దాన్ని ఖాళీ చేశాక పీక్ ఫారెస్ట్, మాక్లెస్‌ఫీల్డ్ కాలువలకు ఒక ముఖ్యమైన ఆధారం పోయింది. తర్వాత ప్రతి ఎండాకాలమూ ఆ రెండింటి మీద ముందు కన్నేసి ఉంచాల్సి వచ్చింది.

రిజర్వాయర్లు పూర్తిగా ఎండక ముందే ఎందుకు మూస్తారని చాలామంది కోప్పడతారు. లాకులదొర గారు చెప్పిన బంకమట్టే కారణం. మిగిలిన నీళ్లు ఆ మట్టిని తడిగా ఉంచడానికి, చేపలకి, గట్టున కట్టేసిన పడవలు తేలడానికి కావాలి.

ఎండాకాలంలో బుక్ చేసేవాళ్లు లంగోల్లెన్ చూడండి. అది డీ నది దగ్గర హార్స్‌షూ ఫాల్స్ నుంచి నీళ్లు తీసుకుని హర్ల్‌స్టన్ రిజర్వాయరుకి మోస్తుంది, ఆ నీళ్లు తాగునీటికి పోతాయి. కాబట్టి వానల్లేకపోయినా ప్రవాహం ఉంటుంది. అయితే 2025 డిసెంబరులో విట్‌చర్చ్ దగ్గర దాని కట్టకు గండి పడింది, కాబట్టి ఆ కాలువకూ ముందు నోటీసే చూడాలి.

వరంగల్ అన్న:
గండి అంటే గుర్తొచ్చింది. 2018 మార్చిల మిడిల్‌విచ్ బ్రాంచికి పడ్డ గండి గురించి అందరూ తెలుసుకోవాలె. ఎవలో లాకు ప్యాడిళ్లు ఎత్తి వదిలేసి పోయిన్రు. పై నుంచి నీళ్లు ఆగకుంట వచ్చి కింద పౌండు నిండి, కట్ట మీదికెళ్లి పొర్లి, కట్టనే కోసుకపోయింది. ఫోర్ కౌంటీస్ రింగు డిసెంబరు దాక తెగిపోయింది. ఒక హ్యాండిల్ తిప్పుడు మర్చిపోతే తొమ్మిది నెలలు. లాకు విడిచి పోయే ముందు ప్రతి ప్యాడిల్‌ను ఎత్తే పండ్ల కడ్డీని కండ్లతోని చూడున్రి, కిందికి పూర్తిగా దిగిందా లేదా అని. మీ చేతిల హ్యాండిల్ ఆగింది గదా అని నమ్మొద్దు, ఒక్కోసారి కట్టె ముక్క అడ్డం పడి నాలుగు అంగుళాలు తెరుచుకునే ఉంటది.

బ్రిడ్జ్‌వాటర్ కాలువ కూడ 2025 జనవరి 1న లిటిల్ బోలింగ్టన్ దగ్గర తెగింది, దాంతోని చెషైర్ రింగు తెగినట్టే అయింది. అది ట్రస్ట్ కాలువ కాదు, ప్రైవేటుది. ఆ రింగుకు పోయేటోళ్లు రెండు సైట్లు చూడాలె.

పెనైన్ పడవ:
అన్నా, మంచి మాట. ప్యాడిల్ దించేటప్పుడు కడ్డీ పళ్లకు అడ్డుండే పట్టీ ఎత్తి వదిలేసి దభాలున పడనివ్వకూడదని కూడా చెప్పాలి. కడ్డీ పళ్లు విరుగుతాయి, మర్నాడు ఆ లాకు మీదే ఒక నోటీసు వస్తుంది. హ్యాండిల్ తగిలించి, తిప్పుతూ దించాలి.

బర్మింగ్‌హామ్ తెలుగమ్మాయి:
రెండు లాకుల మధ్య నీళ్లు తగ్గిపోయి ఉంటే ఏం చెయ్యాలి? పడవ అడుగు ఆనితే?

పెనైన్ పడవ:
ముందు ఇంజను పెంచకండి. పెంచితే తోక ఇంకా కిందికి దిగుతుంది, ప్రొపెల్లరు బురద లాక్కుంటుంది. న్యూట్రలులో పెట్టి, అందర్నీ ముందు వైపుకి పంపండి. తోక తేలగానే, వచ్చిన దారిలోనే మెల్లగా రివర్సులో లోతు నీళ్లలోకి జారండి. ఒక పక్క మాత్రమే ఆనితే అందరూ రెండో పక్కకు వెళ్లి, గెడతో గట్టుని నెట్టండి.

నీళ్లు మరీ తక్కువైతే పై పౌండు నుంచి కాస్త వదులుకోవచ్చు. లాకు పై ప్యాడిల్ ఒకటి, కింది ప్యాడిల్ ఒకటి సగం ఎత్తితే నీళ్లు లాకు గుండా దిగుతాయి. పడవ లాకులో ఉండగా మాత్రం చెయ్యకూడదు.

గట్టుబాట:
ఇక్కడ నేను ఒప్పుకోనండీ. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఈ సలహా ఇవ్వొద్దు. పై పౌండు చిన్నదైతే పావుగంటలో అదీ ఖాళీ అవుతుంది, దాంట్లో కట్టేసిన పడవలు ఒరిగిపోతాయి. కొరత కాలంలో అయితే దాచుకున్న నీళ్లు వదిలినట్టే. అద్దె కంపెనీకి, ట్రస్ట్‌కి ఫోన్ చేసి లాకు నంబరు చెప్పి ఆగండి.

పెనైన్ పడవ:
కొరత కాలంలో వదలకూడదు, అది నిజమే. కానీ మామూలు రోజుల్లో రాత్రి గేటు కారి ఒక చిన్న పౌండు తగ్గితే, దానికోసం సగం రోజు ఆగనక్కర్లేదు. షరతు పెడతాను: పై పౌండు పొడవుది, కనీసం అర మైలు అయ్యుండాలి. పైన ఒక మనిషి, కింద ఒక మనిషి నిలబడాలి. పై మట్టం ఒక జానెడు తగ్గకముందే ఆపాలి.

లాకులదొర:
రెండు మాటలూ కలిపి చెబుతాను. ముందు ఫోన్ చెయ్యండి, వాళ్లు వదలమంటే పెనైన్ గారు చెప్పిన పద్ధతిలో వదలండి. ఫోన్ చెయ్యడం వల్ల ఇంకో లాభం ఉంది. పౌండు తగ్గడానికి కారణం మీకు కనబడకపోవచ్చు: కింద ఎక్కడో ప్యాడిల్ ఎత్తి ఉండొచ్చు, కట్ట కారుతుండొచ్చు. గట్టు అవతలి వైపు గడ్డిలో కొత్తగా బురద నీళ్లు ఊరుతుంటే వెంటనే చెప్పండి. తేటగా కారేది పాత కారుడు కావచ్చు, మట్టి కలిసి కారుతోందంటే కట్ట లోపల కోసుకుపోతున్నట్టు.

డెల్టా ఇంజనీరు:
ఈ చివరి మాట మన గట్లకూ అక్షరాలా వర్తిస్తుంది. మన దగ్గర లస్కర్లు (కాలువ కాపలావాళ్లు) వరద రోజుల్లో రాత్రిపూట గట్టంతా తిరిగి వెతికేది ఆ మట్టినీళ్లనే.

పెనైన్ పడవ:
నీళ్లు మిగల్చడం గురించి ఇంకొక్క మాట. ఇరుకు లాకులో మీరు కిందికి దిగాక లాకు ఖాళీగా ఉంటుంది. ఎదురుగా పైకెక్కే పడవ కనబడితే గేటు వాళ్లకోసం తెరిచి ఉంచండి, అవే నీళ్లతో రెండు పడవలు దాటతాయి. అదే మీరు పైకెక్కాలి, లాకు నిండుగా ఉంది, పై నుంచి పడవ వస్తోందనుకోండి. మీరు ఖాళీ చెయ్యకండి, వాళ్లని దిగనివ్వండి. అయిదు నిమిషాలు ఆగితే లక్ష లీటర్లు. కొరత రోజుల్లో లాకులకు తాళాలు వేసి పగలు కొన్ని గంటలే తెరుస్తారు. అప్పుడు మీరు వేళకు చేరేలా ప్లాను వెనక నుంచి లెక్కపెట్టుకోవాలి.

కోనసీమ కొబ్బరాకు:
సొంత పడవ ఉన్నవాళ్లకి చలికాలం జాగ్రత్తలు క్లుప్తంగా. మీ పౌండులో పని ఉంటే నీటి మట్టం అరడుగు దాకా తగ్గొచ్చు, తాళ్లు బిగించి కట్టకండి. ముందూ వెనకా తాళ్లు పడవకు దూరంగా ఏటవాలుగా కట్టి, కాస్త వదులివ్వండి. బిగించి ఉంటే నీళ్లు తగ్గినప్పుడు పడవ గట్టు అంచుకి వేలాడి ఒరుగుతుంది, మళ్లీ పెరిగినప్పుడు ఒక పక్క నుంచి నీళ్లు లోపలికి వస్తాయి. మంచినీళ్ల పైపులు, వేడినీళ్ల ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి కుళాయిలు తెరిచి వదలండి. షవరు మిక్సరు మర్చిపోతారు, మొదట పగిలేది అదే. కాలువ మీద మంచు పేరుకుంటే నడపకండి, మీ పడవ అడుగున పూసిన బ్లాకింగు (నల్లటి రక్షణ పూత) గీసుకుపోతుంది, పక్కనున్న ఫైబరు పడవలకు ఆ మంచు పలకలు కోసుకుంటాయి.

బర్మింగ్‌హామ్ తెలుగమ్మాయి:
అందరి మాటా విన్నాక ప్లాను మార్చాం. నాంట్‌విచ్ నుంచి దక్షిణంగా మార్కెట్ డ్రేటన్ దాకా వెళ్లి, తిప్పుకుని వెనక్కి. సమయం మిగిలితే ఉత్తరంగా చెస్టర్ వైపు. లెక్క సరిపోతుందా?

గట్టుబాట:
సరిపోతుందండీ. మార్కెట్ డ్రేటన్ సుమారు 12 మైళ్లు, హాక్ గ్రీన్ రెండు, ఆడ్లెం పదిహేను, ఆడర్లీ అయిదు, మొత్తం 22 లాకులు. 34ని మూడుతో భాగిస్తే పదకొండున్నర గంటలు, రానూపోనూ 23. నాలుగు రోజులకు పంచితే రోజుకి ఆరు గంటల లోపే. ఆడ్లెం పదిహేనూ ఒక్క రోజులో పెట్టుకోకండి. మొత్తం 93 అడుగులు ఎక్కిస్తాయి, పిల్లలు అలిసిపోతారు. మధ్యలో ఊళ్లో రాత్రి ఆగండి.

చెస్టర్ వైపు సుమారు 20 మైళ్లు, అక్కడివి వెడల్పు లాకులు, గేట్లు బరువు. బన్‌బరీలో రెండు లాకులు ఒకదానికొకటి అతికి ఉంటాయి. పైదాంట్లో నీళ్లు నింపుకోకుండా ఎక్కడానికి పోతే మధ్యలో ఇరుక్కుంటారు, అక్కడి బోర్డు చదివి ఆ వరసలోనే చెయ్యండి. బీస్టన్‌లో ఇనుప పలకలతో కట్టిన లాకు ఉంది, పలకలు లోపలికి ఒంగాయి కాబట్టి ఒకసారికి ఒక్క పడవే.

లాకులదొర:
దిగేటప్పుడు పై గేటు కింద గడప ఉంటుంది, నీళ్లు తగ్గాక బయటపడుతుంది. గోడ మీద తెల్ల గీత దాని హద్దు. పడవ తోక ఎప్పుడూ ఆ గీతకు ముందు వైపే ఉండాలి. ఒక మనిషి చుక్కాని దగ్గరుండి ఆ గీతను చూడటమే పని. తోక గడప మీద కూర్చుందని అనుమానం రాగానే కింది ప్యాడిళ్లు దించేసి, తర్వాత పై ప్యాడిల్ నెమ్మదిగా ఎత్తండి, నీళ్లు పెరిగి పడవ లేస్తుంది. ఎవరు అరిచినా అందరూ ఆపాలన్నది ఎక్కక ముందే పిల్లలతో సహా మాట్లాడుకోండి.

వరంగల్ అన్న:
బయల్దేరే ముందు రాత్రి ఒకసారి, మల్ల ప్రతి రోజు పొద్దున చాయ్ తాగేటప్పుడు ఒకసారి నోటీసులు చూడున్రి. ఆడ్లెం లోయల సిగ్నల్ దొరకకపోవచ్చు, నాంట్‌విచ్‌లనే ఆ రోజు పేజీ ఫోన్ల దాసుకోన్రి. హ్యాండిళ్లు రెండు ఇస్తరు, మూడోది అడగున్రి. ఒకటి నీళ్లల్ల పడుడు ఖాయం.

బర్మింగ్‌హామ్ తెలుగమ్మాయి:
మూడో హ్యాండిల్ అడుగుతాం. ష్రాప్‌షైర్ యూనియన్‌కి అలర్టు పెట్టేశాను. హాక్ గ్రీన్ దగ్గర టోపాత్ క్లోజర్ ఒకటి కనబడుతోంది, లాకు మీదనా పక్కనా అన్నది కంపెనీని అడిగి ఇక్కడే రాస్తాను.